రోహిణి దాటాకే బడిగంట

జూన్ 12 పొద్దున ఎనిమిదిన్నరకు హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఫిల్మ్‌నగర్ రోడ్డు పక్కన కాసేపు నిలబడితే మూడు విద్యా సంవత్సరాలు కనిపిస్తాయి. బస్తీ సందులోంచి దిగివచ్చే ప్రభుత్వ బడి పిల్లలకు ఇవాళే మొదటిరోజు. ఒకడికి నిరుటి యూనిఫాం చొక్కా భుజాల దగ్గర పట్టేసింది. పసుపు బస్సులో పోతున్న సీబీఎస్ఈ పిల్లలు ఏప్రిల్‌లోనే కొత్త తరగతిలో చేరి, మూడు వారాలు చదివి, సెలవులు గడిపి తిరిగొస్తున్నారు. వాళ్ల పుస్తకాల అట్టలు అప్పుడే నలిగాయి. ఎత్తుమీది బంగళాలో ఇంకా దుప్పటి తీయని పిల్లాడు ఇంటర్నేషనల్ స్కూలువాడు. వాడి బడికి ఇంకా నెలన్నరకు పైనే ఉంది.

బడి ఎప్పుడు తెరవాలన్న తగువు ఏటా మే నెలలో మనకు కొత్తగా పుడుతుంది, రెండు వానలు పడగానే చల్లారిపోతుంది. నిజానికి దాని వయసు నూటయాభై ఏళ్ల పైమాటే. అంతకుముందు ఆ తగువు లేదు, ఎందుకంటే తేదీయే లేదు.

మద్రాసు గవర్నర్ థామస్ మన్రో దేశవాళీ బడుల లెక్కలు అడిగితే బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో జవాబు పంపాడు. అప్పటి బళ్లారి జిల్లాలో 533 బడులుంటే అందులో 226 తెలుగువి. పిల్లవాడికి ఐదో ఏడు రాగానే అయ్యవారూ బడిపిల్లలూ వాళ్లింటికే వచ్చేవారు. వినాయకుడి ముందు అందరూ కూర్చున్నాక అయ్యవారు పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో రాయించేవాడు. ఏ పిల్లవాడి విద్యా సంవత్సరం వాడిదే. ఈ ఇంట్లో ముహూర్తం మాఘంలో కుదిరితే ఆ ఇంట్లో ఆశ్వయుజంలో కుదిరేది. తేదీకి లేని పట్టింపు మాత్రం గంటకు ఉండేది. బడి ఆరింటికే. ముందుగా వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడి చేతిలో సున్నా, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఒక్కొక్కటి చొప్పున ఎక్కువ. వీధిబడికి ఏడాదిలో పెద్దరోజంటూ ఉంటే అది దసరా. పిల్లల చేతికి రంగుల విల్లంబులిచ్చి, అయ్యవారు వాళ్లను ఇల్లిల్లూ తిప్పి పద్యాలు పాడించి, తన సంభావనా పిల్లలకు పప్పుబెల్లాలూ రాబట్టుకునేవాడు. ఇవాళ ప్రైవేటు స్కూళ్లు జూన్‌లో వసూలు చేసే ఫీజుతో పోలిస్తే ఆయన అడిగింది ఏపాటి!

తేదీని తెచ్చింది పరీక్ష. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది, దాని వెంట మెట్రిక్యులేషన్ వచ్చింది. వేలమంది ఒకే రోజున ఒకే ప్రశ్నాపత్రం రాయాలంటే అందరూ ఒకే రోజున చదువు మొదలుపెట్టాలి. అయితే ఆ రోజు జూన్‌లో లేదు. గణితవేత్త శ్రీనివాస రామానుజన్ మెట్రిక్యులేషన్ గట్టెక్కింది 1903 డిసెంబరులో, కుంభకోణం కాలేజీలో చేరింది 1904 జనవరిలో. కాలేజీలో రాయాల్సిన ఎఫ్ఏ పరీక్షలూ డిసెంబరులోనే. లెక్కలు తప్ప మరేవీ తలకెక్కక ఆయన 1905 ఆగస్టులో చెప్పాపెట్టకుండా విశాఖపట్నం పారిపోయాడంటే, అది ఇవాళ్టి లెక్కన బడి తెరిచిన రెండో నెల కాదు, పరీక్షలు నెత్తిమీదికి వస్తున్న కాలం. తెలుగు జిల్లాల చదువు కూడా ఆ మద్రాసు లెక్కలోనే నడిచింది. వేసవి సెలవులను ఏడాదికి చివర పెట్టి, వానలతో కొత్త తరగతి తెరిచే పద్ధతి ఆ తర్వాత స్థిరపడింది.

ఈ పక్కన, నిజాం రాజ్యంలో, కాలమే వేరు. సర్కారు కాగితాల మీద ఫసలీ సంవత్సరం. ఫసల్ అంటే పంట. ఆ ఏడాది ఆజూరు మాసంతో, అంటే మన అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. వారం సెలవు శుక్రవారం. ఆదివారం బడికెళ్లిన తరం మనుషులు ఈ నగరంలో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. 

ఇన్ని లెక్కల నడుమ చివరికి జూన్ ఎందుకు నిలిచిందో పంచాంగం చూస్తే తెలుస్తుంది. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. రేకుల కప్పు కింద కూర్చున్న నలభై మంది పిల్లల సంగతి చెప్పాలా! జూన్ 7, 8 తేదీల్లో మృగశిర. చేపల కూర వండుకునే రోజు, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం బారులు తీరే రోజు. ఆ తర్వాత నాలుగు రోజులకు బడి. ఏ విద్యాశాఖ ఉత్తర్వు కన్నా ఈ లెక్కే గట్టిది.

ఆ సెలవుల మీద కన్నేసినవాళ్లలో సినిమావాళ్లు ముందుంటారు. బండరాళ్ల నడుమ అన్నపూర్ణ స్టూడియోస్ తెరుచుకున్నది 1976లో. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో మద్రాసు నుంచి పరిశ్రమ మొత్తం ఈ కొండలెక్కింది. ఏప్రిల్ 23 చివరి పనిదినం, 24 నుంచి సెలవులు అన్నది మనకు ఏళ్ల తరబడి అలవాటైన లెక్క. ఇప్పుడు ఈ పేర్లు చూడండి: 1977లో ‘అడవి రాముడు’, 1994లో ‘యమలీల’, 2006లో ‘పోకిరి’, 2017లో ‘బాహుబలి 2’. నాలుగూ విడుదలైంది ఏప్రిల్ 28నే. పరీక్షలైపోయి, ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం కూడా అయిపోయి, పిల్లలు అమ్మమ్మ ఊళ్లో దిగిన వారం అది. సంక్రాంతి, దసరా పండగలను పరిశ్రమ పంచాంగం నుంచి తెచ్చుకుంటే, మూడో పండగను మాత్రం విద్యాశాఖ క్యాలెండర్ నుంచి తెచ్చుకుంది.

ఇదేదో మన దగ్గరి వింత కాదు. మనవాళ్లు వేలల్లో స్థిరపడిన వర్జీనియాలో 1986లో ఒక చట్టం చేశారు. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాటేదాకా బడులు తెరవకూడదని దాని సారాంశం. వేసవి చివరి వారాంతం వ్యాపారం పోతుందని పర్యాటక రంగం పట్టుబట్టింది. జనం ఆ చట్టాన్ని కింగ్స్ డొమినియన్ అనే వినోద పార్కు పేరుతోనే పిలిచారు. దాన్ని సడలించడానికి 2019 దాకా పట్టింది. మన నిర్మాతలు అసెంబ్లీలో చట్టం చేయించుకోలేదు, ఎండ ఆ పని ఉచితంగా చేసిపెట్టింది.

తెలంగాణ ప్రభుత్వం ఎండనే దాటిపోదామని చూసింది 2016లో. కొత్త విద్యా సంవత్సరం మార్చి 21న మొదలవుతుందని ప్రకటించారు. సీబీఎస్ఈ బడులు ఏప్రిల్‌లో మొదలుపెడుతుంటే మన పిల్లలు జూన్ దాకా ఖాళీగా కూర్చోవడమేమిటన్నది వాదన. వినడానికి బాగానే ఉంది. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు 200, ఆరు నుంచి ఎనిమిదికి 220 పనిదినాలు అడుగుతోంది. ముందే తెరిస్తే ఆ లెక్కకూ వెసులుబాటు. కానీ ఆ వారాల్లో టీచర్లు పదో తరగతి పరీక్షల విధుల్లో ఉంటారు. మార్చి 15 నుంచే ఒంటిపూట బడులు. పైగా అది కరువు సంవత్సరం. ఎండలు ముదిరి, ఏప్రిల్ 23 దాకా నడవాల్సిన బడులను వారం ముందే మూసేశారు. ఆ మేలోనే సుప్రీంకోర్టు, కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని తీర్పిచ్చింది. ఆ ఏడాది పిల్లలకు ఎండలో పాఠం అక్కర్లేకపోయింది, అన్నం అవసరమైంది. క్యాలెండర్ రాసినవాళ్లు రెండింటినీ ఒకే గంటకు ముడిపెట్టి చూసి ఉంటే బాగుండేది.

తర్వాత 2018లో ఇంకో దారి తొక్కారు: సెలవులను ఏప్రిల్ 13కే జరిపి బడులు జూన్ 1న తెరిచారు. 2019లోనూ అదే అనుకున్నారు, రోహిణి ఒప్పుకోలేదు. ఎండలు తగ్గక జూన్ 12కు వాయిదా వేశారు. అక్కడికి మళ్లీ వచ్చి చేరాం.

కరోనా ఏళ్లను గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2020లో సెప్టెంబరు 1న తెలంగాణలో బడి టీవీలో తెరుచుకుంది, దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో. ఆంధ్రప్రదేశ్ 2021లో ఆగస్టు 16న, 2022లో జులై 5న తెరిచి, 2023లో జూన్ 12కు వచ్చింది. 2024లో ఆ రోజు చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తే బడులు 13న తెరిచారు. ఈ తేదీని జరపగలిగినవి ఎండ, మహమ్మారి, ప్రమాణస్వీకారం.

నా మట్టుకు నాకు జూన్ 12 మీద కోపమేమీ లేదు. ఒకే తేదీ అన్నదాని మీదే ఉంది. గట్టుమీద ఉన్న జూబ్లీహిల్స్‌లో రెండు జల్లులు పడితే ఎండాకాలం పోయిందనిపిస్తుంది. ఆ వారం రామగుండంలోనో కొత్తగూడెంలోనో గోడలు రాత్రి పదింటికీ సెగలు కక్కుతుంటాయి. ఆదిలాబాద్‌కు ఆనుకునే ఉన్న విదర్భకు మహారాష్ట్ర ఏనాటి నుంచో వేరే తేదీ ఇచ్చింది. మిగతా రాష్ట్రంలో జూన్ మధ్యలో బడి తెరిస్తే అక్కడ నెలాఖరుకు తెరుస్తారు. కేరళలో విద్యామంత్రి శివన్‌కుట్టి 2025లో తిరకాసు ప్రశ్నే వేశారు: ఏప్రిల్, మేలకు బదులు వానలు ముంచెత్తే జూన్, జులైలలో సెలవులిస్తే ఎలా ఉంటుందని. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అలా బయటపెట్టి అడగడం మంచిదే. మన దగ్గర ఈ విషయం మే చివరివారం టీవీ స్క్రోలింగులో పుట్టి అక్కడే పోతుంది.

మా వీధిలో రెండిళ్లలో వంట చేసే ఆమెది పాలమూరు వైపు పల్లె. కూతురు సర్కారు బడిలో ఆరో తరగతి. ఎండాకాలం సెలవుల్లో ఊరికి తీసుకుపోయావా అని జూన్‌లో అడిగాను. ఆమె పనిచేసే ఇళ్లవాళ్ల పిల్లలకు జూన్, జులైలలోనే సెలవులు. వాళ్లు విదేశాలకు విమానమెక్కితే గానీ వంటింటికి తాళం పడదు. ఏప్రిల్, మేలంతా ఆ అమ్మాయి తల్లి వెంట వచ్చి వెనక మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంది.

“రేపు పొద్దుగాల బస్సుకు పోతున్నం సార్. ఇప్పుడే దొరికింది నాకు లీవు” అంది ఆమె.

మరి పిల్ల బడో?

“పదిరోజులు పోతది. టీచరమ్మకు చెప్పిన.”