సంచీ భుజాన వేసుకుని సింహళానికి

చేతిలో కొద్దిపాటి డబ్బు, వీపున ఒక సంచీ. ఈ మాత్రంతో దేశాలు చుట్టివచ్చే యువతీయువకులను బ్యాక్‌ప్యాకర్లు అంటున్నారు. శ్రీలంక వారికి బాగా నచ్చిన చోటు. అయితే అక్కడ చౌక ప్రయాణం కొత్త సంగతేమీ కాదని సభ్యులకు మనవి.

పూర్వం ఆ దీవిలో బాటసారుల కోసం దారి పక్కన ‘అంబలమ’ అనే విశ్రాంతి మండపాలు కట్టేవారు. మన సత్రాల వంటివే. కురునేగల జిల్లా పనావిటియలో చెక్కడపు కొయ్య స్తంభాల అంబలమ ప్రసిద్ధమైనది.

మన వైపు నుంచి చౌకదారి 1914లో ఏర్పడింది. ఆ ఏడాది పాంబన్ వంతెన తెరిచాక, మద్రాసులో రైలెక్కి ధనుష్కోటిలో దిగి, స్టీమరు మీద తలైమన్నారు చేరి, అక్కడ మళ్లీ రైలెక్కి కొలంబో వెళ్లేవారు. దానినే బోట్ మెయిల్ అనేవారు. సముద్రం మీద దూరం సుమారు 35 కిలోమీటర్లే. తేయాకు తోటల కూలీలు మూటలతో వెళ్లినదీ ఈ దారినే. మండపం శిబిరంలో వైద్య పరీక్షలయ్యాకే వారిని పడవ ఎక్కనిచ్చేవారు.

1964 అక్టోబరులో శాస్త్రి–సిరిమావో ఒప్పందం కుదిరింది. 5,25,000 మందిని తీసుకోవడానికి మన దేశం అంగీకరించింది. ఆ డిసెంబరులోనే తుపానుకు ధనుష్కోటి కొట్టుకుపోయింది. తరువాత పడవ రామేశ్వరం నుంచి నడిచింది. 1970లలో అటు వెళ్లే పడవలో సంచీలతో ఐరోపా, ఆస్ట్రేలియా కుర్రవాళ్లు. ఇటు వచ్చే పడవలో మూటలతో కాందిశీకులు.

నేను గుమాస్తాగా చేరిన కొత్తల్లో కాందిశీకుల దరఖాస్తులు కొన్ని నా బల్ల మీదికి వచ్చేవి. ఒక పెద్దాయన ‘స్వస్థలం’ కాలమ్ ఖాళీగా వదిలేశాడు. అడిగితే, “పుట్టింది అక్కడ, పొమ్మన్నదీ అక్కడే. ఏం రాయమంటారు బాబూ?” అన్నాడు. సూపరింటెండెంటుగారు చెప్పగా ఆయన తాతగారి ఊరు రాసి ఫైలు పంపించాను. నిబంధన ప్రకారం అది సరే. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం నాకు ఇప్పటికీ తోచలేదు.

1983 అల్లర్లతో అక్కడ యుద్ధం మొదలైంది. మరుసటి ఏడాది రామేశ్వరం పడవ ఆగిపోయింది. యుద్ధం 2009లో ముగిసింది. 2023 అక్టోబరు 14న నాగపట్నం నుంచి కాంకేసంతురైకి పడవ ప్రారంభమై, కొద్ది రోజులకే ఆగి, 2024 ఆగస్టులో మళ్లీ కదిలింది.

ఆ దేశంలో కొండల మీదుగా బదుల్లా దాకా రైలుమార్గం 1924లో పూర్తయింది. మూడో తరగతి పెట్టెలో, తక్కువ టిక్కెట్టుతో, తేయాకు తోటలు చూస్తూ పోవచ్చు. కిటికీలోంచి అందంగా కనిపించే ఆ పచ్చదనమంతా మూటలతో వెళ్లినవారి చేతుల కష్టమే.

మనుమలు సంచీ సర్దుకుంటే వద్దనకండి. ఆ మూటల కథ కూడా చెప్పి పంపండి.