కార్మినె అబాతె: బడి భాషలో ఇంటి మాట

ఇటాలియన్ నవలా రచయిత కార్మినె అబాతె 1954లో దక్షిణ ఇటలీలోని కలాబ్రియా ప్రాంతంలో, కార్ఫిత్సి అనే చిన్న ఊళ్లో పుట్టారు. అది అర్బరెష్‌ల ఊరు. 15వ శతాబ్దం నుంచి, ఒట్టోమన్ తుర్కుల దండయాత్రల కాలంలో అల్బేనియా వైపు నుంచి వలస వచ్చి స్థిరపడినవారి సంతతే అర్బరెష్‌లు. వీరి ఇంటి భాష పాత అల్బేనియన్. అబాతె ఇటాలియన్ నేర్చుకున్నది బడిలోనే.

ఆయన తండ్రి జర్మనీకి వలస వెళ్లిన కార్మికుడు. అబాతె కూడా అక్కడ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. తొలి కథల సంపుటి 1984లో జర్మన్ భాషలో వెలువడింది. తర్వాత ఉత్తర ఇటలీలోని త్రెంతీనోలో స్థిరపడ్డారు.

‘ఇల్ బల్లో తొందో’ (1991) మొదలుకొని పలు నవలల్లో ‘హోరా’ అనే కల్పిత గ్రామం వస్తుంది. అర్బరెష్‌లో హోరా అంటే ఊరనే అర్థం. స్కాండర్‌బెగ్ వీరగాథలు, వలసల ఎడబాటు ఈ రచనలకు ముడిసరుకు. ఇటాలియన్ వాక్యాల్లో అర్బరెష్ మాటలు అలాగే ఉంటాయి. ‘లా కొల్లీనా దెల్ వెంతో’ నవలకు 2012లో కంపియెల్లో పురస్కారం లభించింది.

ఇటలీ 1999లో 482వ నంబరు చట్టంతో అల్బేనియన్ సహా 12 అల్పసంఖ్యాక భాషలకు రక్షణ కల్పించింది. అయినా ఇంట్లో పిల్లలతో మాట్లాడితేనే భాష నిలుస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరో భాషగా తరాలు గడిపిన మన కుటుంబాలకు ఇది తెలియని సంగతి కాదు. బడి భాషలో రాస్తూనే ఇంటి మాటను అచ్చులో నిలపవచ్చని అబాతె నవలలు చూపుతున్నాయి.