పొగయు, కంఠస్వరమును

మూసీనది పుట్టిన అనంతగిరి గుట్టలు వికారాబాదునకు చేరువలో నున్నవి. అచ్చటి గాలి మేలుచేయునని నిజాము ప్రభుత్వకాలమున క్షయరోగులకై ఒక చికిత్సాలయమును నెలకొల్పిరి. ఆ దినములలో నెలల తరబడి గొంతు బొంగురుపోయిన రోగిని చూచినచో వైద్యునికి ముందుగా తట్టునది క్షయయే. ఊపిరితిత్తులలోని క్షయ కఫముతోపాటు స్వరపేటికకు సోకి గొంతును మార్చివేయును. అట్టివారిని మాటలాడనీయక మౌనముగా నుంచుట అనేక దేశములలో చికిత్సలో నొక భాగము. 1944లో స్ట్రెప్టోమైసిన్ వెల్లడియైన పిమ్మట క్షయకు మందులు దొరకినవి. అయినను బొంగురు గొంతు మాయము కాలేదు. ఏలన, దానికి మరియొక కారణము కలదు. అదియే పొగాకు.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికాలో పుట్టిన దానిని పోర్చుగీసువారు మన తీరమునకు తెచ్చిరి. తాండూరునకు పడమర నున్న విజాపురమునుండి అసద్ బేగ్ అను ఉద్యోగి 17వ శతాబ్ది ఆరంభమున పొగాకును, పొగగొట్టమును అక్బరు సభకు కొనిపోయెను. వైద్యుడు వారించినను అక్బరు దాని రుచి చూచెను. 1617లో జహంగీరు నిషేధించినను అలవాటు ఆగలేదు. చుట్ట, బీడీల వెనుక సిగరెట్టు వచ్చినది. 1930లో హైదరాబాదున వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ ఏర్పడినది. దాని చార్మినార్ సిగరెట్టు దేశమంతట పేరుపొందినది.

పొగ గొంతునకు చేయు హానిని తెలిసికొనవలెనన్న ముందు గొంతులోపల చూడగలుగవలెను. 1854లో మాన్యుయల్ గార్షియా అను సంగీతోపాధ్యాయుడు చిన్న అద్దమును నోటిలో నుంచుకొని, సూర్యకాంతిని లోనికి ప్రసరింపజేసి, తన స్వరతంత్రులను తానే చూచెను. వైద్యులకు దారిచూపినవాడు ఒక ఉపాధ్యాయుడగుట గమనింపదగినది.

అయినను చూచుట వేరు, గుర్తించుట వేరు. 1887లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్ గొంతు బొంగురుపోయినది. ఆయనకు పొగత్రాగు అలవాటు కలదు. కొందరు వైద్యులు కాన్సరు (రాచపుండు) అనిరి, మరికొందరు కాదనిరి. గొంతునుండి తీసిన ముక్కను పరీక్షించిన విర్హోకు అందు కాన్సరు కనబడలేదు. వాదములతో కాలము గడచినది. 1888లో శ్వాసకొరకు గొంతునకు రంధ్రము చేయవలసివచ్చెను. తరువాత చక్రవర్తియైన ఆయన మాటలేక, చీటీలపై వ్రాయుచు, 99 దినములు మాత్రమే పాలించి మరణించెను.

పొగకును వ్యాధికిని గల సంబంధమును తేల్చినది లెక్కలు. 1950లో బ్రిటనులో డాల్, హిల్ అను శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల కాన్సరు విషయమున దానిని చూపిరి. 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక పురుషులలో స్వరపేటిక కాన్సరునకు సిగరెట్టు ఒక ముఖ్యకారణమని ప్రకటించినది.

హాని యెట్లు కలుగును? మనము మాటలాడునపుడు స్వరతంత్రులు పురుషులలో సెకనుకు నూరు సార్లకు పైగాను, స్త్రీలలో సుమారు రెండువందల సార్లును కంపించును. వాటిపై తడి యారనిచో కంపనము సాఫీగా సాగును. పొగ వేడియు, అందలి రసాయనములును ఆ తడిని ఆర్పి, పొరను రేపును. పొర క్రింద నీరు చేరి తంత్రులు ఉబ్బును. బరువెక్కిన తంత్రి మెల్లగా కంపించును. అందుచే స్వరము మందగించును. పొగత్రాగు స్త్రీల గొంతు మగగొంతువలె మారుట ఇందువలననే. ఏండ్ల తరబడి రేగిన పొరపై తెల్లని మచ్చలు లేచి, కొన్ని కాన్సరుగా మారవచ్చును. మద్యము తోడైనచో అపాయము మరింత హెచ్చును. బీడీ, చుట్ట తక్కువ హానికరములను నమ్మకము సరికాదు.

తాండూరు నాపరాతి గనులలోను, రాతిని కోయు, నునుపుచేయు కర్మాగారములలోను పనిచేయువారి గొంతునకు రాతిధూళియే భారము. దానికి పొగను తోడుచేయుట మరింత కీడు. దినమంతయు గొంతెత్తి బోధించు ఉపాధ్యాయులకును ఇదే హెచ్చరిక.

గొంతు బొంగురు మూడు వారములు దాటినచో అద్దముతో పరీక్ష చేయించుకొనవలెను. దగ్గు రెండు వారములు మించినచో క్షయకై కఫపరీక్ష అవసరము. స్వరతంత్రిపై కాన్సరు తొలిదశలో పట్టుబడినచో కిరణచికిత్సతోగాని, చిన్న శస్త్రచికిత్సతోగాని చాలమందికి నయమగును, మాటయు నిలుచును. పొగ మానినచో అపాయము ఏటేట తగ్గును. ఫ్రెడరిక్ కాలమున వైద్యులకు లేని జ్ఞానము నేడు పాఠశాల విద్యార్థికిని అందుబాటులో నున్నది. గొంతు మారినదని తండ్రియో, అన్నయో అన్నపుడు ఆస్పత్రికి వెళ్ళుమని చెప్పుటకు ఆ జ్ఞానము చాలును.