నిప్పుపూలకు మార్కులు

సంక్రాంతి ముగ్గుల పోటీలకు న్యాయనిర్ణేతలుగా వెళ్ళిన సోదరీమణులు మనలో చాలామందే ఉంటారు. చుక్కలు వరస తప్పకుండా పడ్డాయా, గీత ఒకే లావుగా సాగిందా, రంగులు పొందికగా కుదిరాయా అని చూసి మార్కులు వేస్తాం. సందేహం వస్తే వెనక్కి వెళ్ళి ఇంకోసారి చూసుకోవచ్చు. ముగ్గు ఎక్కడికీ పోదు కదా! మరి ఆ ముగ్గునే ఎవరో ఆకాశంలో నిప్పుతో వేసి, నాలుగైదు సెకన్లలో చెరిగిపోయేలా చేసి, పైగా అది పాటలోని తాళానికి సరిగ్గా విచ్చుకోవాలని షరతు పెడితే? దానికి మార్కులు వేయడం ఎలా?

ఇలాంటి పోటీలు నిజంగానే జరుగుతున్నాయి. వాటిని సంగీత బాణసంచా పోటీలంటారు. అవి ఎలా వచ్చాయో, అక్కడ కూర్చున్న న్యాయనిర్ణేతలు ఏమేం చూస్తారో తెలుసుకుంటే మన వీధిలో దీపావళిని కూడా కొంచెం వేరే చూపుతో చూడగలుగుతామని నాకనిపిస్తుంది.

తుపాకిమందు చీనాదేశంలో పుట్టిందని పిల్లల పాఠ్యపుస్తకాల్లోనే ఉంటుంది. మన దక్షిణాదికి కూడా బాణసంచా కొత్తేమీ కాదు. 1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరానికి వచ్చాడు. అప్పుడు రాజ్యమేలుతున్నది రెండవ దేవరాయలు. ఆ రాయబారి మహానవమి ఉత్సవాలు చూసి, అక్కడి వింతల్లో బాణసంచాను కూడా చెప్పుకున్నాడు. ఆ తరువాతివాడు గజపతి ప్రతాపరుద్రదేవుడు. మన కృష్ణదేవరాయలు యుద్ధం చేసిన గజపతి ఈయనే. ఆయన పేరుమీద ఉన్న ‘కౌతుక చింతామణి’ అనే సంస్కృత గ్రంథంలో బాణసంచా తయారీ పాళ్ళు ఉన్నాయి. సురేకారం, గంధకం, బొగ్గు, ఇనుపరజను, వెదురుగొట్టం ఇలా మనం ఆవకాయకు కారం, ఉప్పు, ఆవపిండి పాళ్ళు రాసుకున్నట్టే రాసుకున్నారన్నమాట. అయితే అదంతా రాజుగారి వైభవం. రాజు చూపిస్తాడు, జనం నోరు తెరుచుకుని చూస్తారు. బాగుందో లేదో చెప్పమని జనాన్ని అడిగినవాళ్ళు లేరు.

ఐరోపాలోనూ అంతే. 1748లో ఒక పెద్ద యుద్ధం ముగిసి సంధి కుదిరితే, ఆ సంతోషంలో ఇంగ్లండు రాజు రెండవ జార్జి లండనులోని గ్రీన్ పార్కులో బ్రహ్మాండమైన బాణసంచా ఏర్పాటు చేయించాడు. నాలుగువందల అడుగుల పైచిలుకు పొడవున కొయ్యతో ఒక మందిరం కట్టించారు. సంగీతం కూర్చే పని హాండెల్ అనే ప్రసిద్ధ విద్వాంసుడికి అప్పగించారు. తీగవాద్యాలు వద్దు, యుద్ధవాద్యాలే కావాలని రాజుగారి కోరిక. 1749 ఏప్రిల్ 21న సాధన కచేరి పెడితే, టిక్కెట్టు కొనుక్కుని మరీ వేలమంది వచ్చారట. బళ్ళతో లండను వంతెన గంటల తరబడి కదలకుండా నిలిచిపోయింది.

అసలు ప్రదర్శన ఏప్రిల్ 27న. సంగీతం ఎవరికీ లోటు చేయలేదు. బాణసంచా మాత్రం తడబడింది. వాన పడింది. మందు సరిగా అంటుకోలేదు. పైగా పనిలో ఇటలీ నిపుణులూ ఇంగ్లీషు నిపుణులూ ఉన్నారు. నీది ముందా నాది ముందా అని వాళ్ళలో వాళ్ళకు పడలేదు. చివరికి కొయ్యమందిరంలో ఒక పక్క భాగం భగ్గున మండిపోయింది. దాన్ని రూపొందించిన సెర్వండోని అనే శిల్పి కోపం పట్టలేక కత్తి దూశాడట! ఒకే వేదికమీద సంగీతమూ బాణసంచా ఉన్నా దేని దారి దానిదే అయింది. ఆ రాత్రి వేడుక బూడిదైనా హాండెల్ సంగీతం మాత్రం మిగిలింది. ఇప్పటికీ దాన్ని వాయిస్తూనే ఉన్నారు.

ఇక్కడొక సంగతి గమనించాలి. ఆ రోజుల్లో ఆకాశంలో ఇప్పటి రంగులు లేవు. ఉన్నదల్లా బంగారువన్నె, నారింజ, తెలుపు. 1830ల తరువాత పొటాషియం క్లోరేటు వాడకం పెరిగాకే గాఢమైన రంగులు వచ్చాయి. స్ట్రాన్షియం లవణాలు ఎరుపునిస్తాయి, బేరియం ఆకుపచ్చ, సోడియం పసుపు, రాగి నీలం. వీటన్నిటిలో నీలం తేవడం బహుకష్టం. వేడి కాస్త ఎక్కువైతే వెలిసిపోతుంది, తక్కువైతే కనిపించదు. పాకం ముదిరితే ఒక బాధ, లేతగా ఉంటే ఇంకో బాధ చూడండి, అలాగే! అందుకే చక్కని నీలం కనిపిస్తే తెలిసినవాళ్ళు తలూపుతారు.

ఇక పోటీల సంగతికి వద్దాం. జపానులో అకిటా అనే ప్రాంతంలో ఓమగారి అని ఒక ఊరుంది. అక్కడ 1910లో గుడి ఉత్సవానికి అనుబంధంగా బాణసంచా పోటీ మొదలుపెట్టారు. ఇప్పుడది దేశం మొత్తానికీ పేరున్న పోటీ. ఏటా ఆగస్టు నెలలో చివరి శనివారం నది ఒడ్డున జరుగుతుంది. ఒక మంచి నియమం ఉంది వాళ్ళకు. గుండు తయారుచేసిన మనిషే దాన్ని స్వయంగా కాల్చాలి. ఒకరు చేస్తే మరొకరు పేరు కొట్టేయడానికి వీల్లేదు.

ఆ గుండు ఎలా చేస్తారో వింటే మన వంటింటి పని గుర్తుకొస్తుంది. సోంపు గింజకు పంచదార పూత పట్టించినట్టు చిన్న గింజకు మందు పొర పట్టించడం, ఎండబెట్టడం, మళ్ళీ పొర పట్టించడం. లోపలి పొర ఒక రంగు, పైపొర ఇంకో రంగు. అందుకే అవి ఆకాశంలో మండుతూ మండుతూ రంగు మారతాయి. ఈ గింజలను కాగితపు చిప్పల్లో గుండ్రంగా పేర్చి, నడుమ తుపాకిమందు పట్టించిన వరి ఊక పోస్తారు. పైన కాగితం పొరలు పొరలుగా అంటిస్తారు. పోటీలో వాడే పెద్ద గుండు సుమారు 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అది మూడువందల మీటర్లకు పైగా ఎత్తుకు వెళ్ళి, దాదాపు అంత వెడల్పున విచ్చుకుంటుంది. అన్ని రోజుల శ్రమా నాలుగైదు సెకన్లలో అయిపోతుంది.

మరి న్యాయనిర్ణేత ఏం చూస్తాడు? మొదటిది, గుండు పైకి వెళ్ళి వెళ్ళి ఇక పైకీ పోక, కిందికీ రాక ఆగిన ఆ క్షణంలోనే విచ్చుకుందా? ఎక్కుతుండగానో దిగుతుండగానో విచ్చుకుంటే పువ్వు ఒక పక్కకు ఒరిగిపోతుంది. రెండోది, పువ్వు పళ్ళెంలా గుండ్రంగా ఉందా, ఎక్కడైనా రేకు ఊడిందా? మూడోది, గింజలన్నీ ఒకేసారి రంగు మారాయా? నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, అన్నీ ఒకేసారి ఆరిపోయాయా? ఒకటి ముందూ ఒకటి వెనుకా మిణుకుమంటూ పోతే మార్కులు పోతాయి. వెలగడం కంటే ఆరడానికి ఎక్కువ నేర్పు కావాలన్నమాట. చూశారా, ఈ నాలుగింటిలో ‘ఎంత పెద్దగా మోగింది’ అన్నది లేనేలేదు.

1964లో ఓమగారి పోటీలో ఇంకో విభాగం చేర్చారు. గుండ్రని పువ్వే కానక్కరలేదు, మీ ఊహకు తోచింది చేసి చూపించండి అన్నారు. ఇప్పుడు ఆ విభాగంలో సంగీతం తోడు ఉంటుంది. రెండున్నర నిమిషాల వ్యవధిలో ఒక భావాన్ని ఆకాశం మీద పలికించాలి.

సంగీతమే ప్రాణంగా నడిచే పోటీ చూడాలంటే కెనడాలోని మాంట్రియల్ నగరానికి వెళ్ళాలి. అక్కడ లా రోండ్ అనే వినోదవనంలో 1985లో అంతర్జాతీయ పోటీ మొదలైంది. వేసవిలో ఒక్కో రాత్రి ఒక్కో దేశం వాళ్ళు అరగంటసేపు ప్రదర్శన ఇస్తారు. గెలిచినవారికి ‘జూపిటర్’ పేరుతో బంగారు, వెండి, కంచు బహుమతులు. దగ్గరలో ఉన్న పెద్ద వంతెనమీద ఆ రాత్రి బళ్ళు ఆపేస్తే, జనం దానిమీద నిలబడి చూస్తారు. సంగీతాన్ని రేడియోలో కూడా ప్రసారం చేసేవారు. దూరాన ఉన్నవాళ్ళు చిన్న ట్రాన్సిస్టరు చెవిదగ్గర పెట్టుకుని ఆకాశం వైపు చూసేవాళ్ళట. రేడియో మనుషులం కనుక నాకీ ముక్క భలే నచ్చింది.

ఇంతకంటే నచ్చింది ఇంకొకటుంది. అక్కడ న్యాయనిర్ణేతలు పండితులు కారు. నగరంలోని మామూలు ప్రజల నుంచే 19 మందిని ఎంపిక చేస్తారు. ఏమి చూడాలో వాళ్ళకు ముందుగా చెబుతారు. మొత్తం ప్రదర్శన ఊహ ఎలా ఉంది? వాడిన బాణసంచా నాణ్యమైనదేనా? సాంకేతికంగా పొరపాట్లు లేకుండా సాగిందా? ఎన్నుకున్న సంగీతం బాగుందా? సంగీతమూ వెలుగూ కలిశాయా? ఈ అంశాల మీద మార్కులు వేస్తారు. విజయనగరంలో నోరు తెరుచుకుని చూసిన జనం, గ్రీన్ పార్కులో వానలో తడిసిన జనం ఇప్పుడు కాగితం, కలం పట్టుకుని కూర్చున్నారన్నమాట.

సంగీతం, వెలుగు కలవడం వినడానికి తేలికే. చేయడం ఎంత కష్టమో చూడండి. పెద్ద గుండు గొట్టంలోంచి లేచి పైకి వెళ్ళి విచ్చుకోవడానికి ఐదారు సెకన్లు పడుతుంది. చిన్నది అంతకంటే త్వరగా విచ్చుకుంటుంది. పాటలో దెబ్బ పడేచోట పువ్వు విచ్చుకోవాలంటే, పెద్దదాన్ని ఆరు సెకన్లు ముందు, చిన్నదాన్ని మూడు సెకన్లు ముందు వదలాలి. ఇప్పుడు ఈ లెక్కంతా కంప్యూటరు చూసుకుంటుంది. కానీ లెక్క వేయవలసింది మనిషే. పైగా వెలుగు వెంటనే కనిపిస్తుంది గాని, శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది. కిలోమీటరు దూరాన ఉన్నవాళ్ళకు పువ్వు కనిపించిన మూడు సెకన్లకు చప్పుడు వినిపిస్తుంది. కచేరిలో పాటకుడు ఎన్ని సంగతులు వేసినా చివరికి సమానికి వచ్చి చేరితేనే మనం ‘ఆహా’ అంటాం. ఇక్కడా అంతే. ఎత్తుకున్నది ఎక్కడైనా సమం తప్పకూడదు.

ఇంకొక మాట. మంచి ప్రదర్శకుడు అరగంటసేపూ దంచుతూ ఉండడు. పాట నెమ్మదించినచోట ఒక్క వెండిజల్లు కురిపించి ఊరుకుంటాడు. ఒక్కోసారి ఆకాశాన్ని చీకటిగా వదిలేస్తాడు. ఆ చీకటికి కూడా మార్కులుంటాయి.

ఇదంతా ఎక్కడో ఉన్న దేశాల సొగసు, మనకెందుకు అంటారేమో. పోటీ మన దేశంలోనూ ఉంది. కేరళలో త్రిశూర్ పూరం నాడు పారమెక్కావు, తిరువంబాడి అనే రెండు ఆలయాలవారు పోటాపోటీగా బాణసంచా కాలుస్తారు. దానికి లక్షలాది అభిమానులున్నారు. కానీ ఆ రాష్ట్రంలోనే 2016 ఏప్రిల్ 10 తెల్లవారుజామున కొల్లం జిల్లా పరవూరులోని పుట్టింగల్ ఆలయంలో ఏం జరిగిందో తలుచుకుంటే గుండె దడదడలాడుతుంది. అక్కడ కూడా రెండు పక్షాల మధ్య పోటీ. పోటీగా కాల్చడానికి జిల్లా అధికారులు అనుమతి ఇవ్వలేదు. అయినా కాల్చారు. నిప్పురవ్వ మందుగుండు నిల్వచేసిన చోట పడింది. వందమందికి పైగా చనిపోయారు. ఉత్సవం చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఇంటికి తిరిగిరాలేదు.

ఓమగారిలో ఉన్నదీ పోటీయే, పరవూరులో ఉన్నదీ పోటీయే. తేడా ఎక్కడుంది? ఒకచోట నియమం ఉంది, హద్దు ఉంది, చూసి చెప్పే న్యాయనిర్ణేత ఉన్నాడు. గుండ్రనితనానికి, రంగుకు, తాళానికి మార్కులిస్తే తయారుచేసేవాడు అవి నేర్చుకుంటాడు. ‘మాది వాళ్ళదానికంటే గట్టిగా మోగాలి’ అన్నదొక్కటే కొలత అయితే ఆ మోతకు అంతూ పొంతూ ఉండదు. దేనికి శభాష్ అంటామో అదే పెరుగుతుంది.

ఇది మన వీధికీ వర్తిస్తుంది. దీపావళినాడు పక్కింటివాళ్ళు పదివేల వాలా కాలిస్తే మనవాళ్ళు ఇరవైవేల వాలా తెస్తామంటారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మోతచేసే టపాకాయలు కాల్చరాదని 2005లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పసిపిల్లలు ఉలిక్కిపడుతూనే ఉన్నారు, మంచంపట్టిన పెద్దవాళ్ళు చెవులు మూసుకుంటూనే ఉన్నారు. ఆ టపాకాయలు చేసే శివకాశి కర్మాగారాల్లో పనిచేసేవాళ్ళలో మనలాంటి ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. అక్కడి ప్రమాదాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళలోనూ ఉన్నారు.

పిల్లల్ని దండిస్తే మానరు. వాళ్ళకు శభాష్ కావాలి. ఈసారి దీపావళికి మీరే న్యాయనిర్ణేతలై గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చోండి. పక్కన నీళ్ళబకెట్టు పెట్టుకోండి. ఎవరి చిచ్చుబుడ్డి ఒరగకుండా నిటారుగా లేచింది, ఎవరి మతాబు రంగు నిండుగా ఉంది, ఎవరి భూచక్రం గుండ్రంగా తిరిగింది, అన్నిటికీ మించి ఎవరు చెప్పులు వేసుకుని, నూలుబట్టలు కట్టుకుని, చేయి చాపి ఒద్దికగా కాల్చారు అని చూసి మార్కులు వేయండి. పక్కింటి పిల్లల్నీ పిలవండి. మోతకు మాత్రం సున్నా అని ముందే చెప్పేయండి. బహుమతిగా మొదటి లడ్డూ గెలిచినవాళ్ళకే ఇస్తే సరి.