మెరుపు పట్టీ వెనక క్లిప్పు

హైదరాబాద్ ముస్లిం అంటే చాలామందికి రెండు బొమ్మలే తెలుసు. ఒకటి కారు వెనక సీట్లో కూర్చున్న నవాబు. రెండోది అదే కారు కింద పడుకున్న మెకానిక్. మొదటివాడి మీద పుస్తకాలొచ్చాయి. రెండోవాడు చరిత్రకెక్కలేదు. మేము రెండోవాడి ఇంటివాళ్లం.

చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన బండి. అది చేతికందక ముందే, 1911లో ఆయన కన్నుమూశాడు. జనం దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. ఆ మెరుపును ఇన్నేళ్లు కాపాడిన చేతులు ఎవరివని అడిగేవాళ్లు లేరు.

మా దాదా బీదర్‌లో బిద్రీ పని నేర్చుకుంటున్న కుర్రాడు. జస్తంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, దాని మీద వెండి పొదిగే పని అది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాతా రాష్ట్రమంతటా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో బీదర్ ఒకటి. దాదా ప్రాణాలు దక్కించుకుని నగరానికొచ్చాడు.

1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్ల కోసం మేం ఏడవడం లేదు. దోపిడీ ఏ మతంవాడు చేసినా దోపిడీయే. అయితే దేవిడీలు మూతపడినప్పుడు డ్రైవరు, వంటవాడు, సాయీసు, క్లీనరు కూడా వీధిన పడ్డారు. వాళ్ల గురించి ఏ రెగ్యులేషనూ మాట్లాడలేదు. దేవిడీల కార్లు చేతులు మారాయి. వాటి వెంటే కార్ఖానాలు లేచాయి. అలాంటి ఒక కార్ఖానాలో దాదా షాగిర్దుగా చేరాడు.

1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించిన జనరల్ మోటార్స్ 1954లో తలుపులు మూసింది. షెవ్రొలే బండికి చిన్న క్లిప్పు విరిగినా కొత్తది దొరకడం గగనమైంది. ఇక మిస్త్రీయే కంపెనీ.

అబ్బా హయాంలో మా కార్ఖానాకు 1948 మోడల్ షెవ్రొలే ఫ్లీట్‌మాస్టర్ వచ్చింది. టాపు వెనక్కి మడిచే బండి. మేము అన్నదమ్ములం అప్పుడు కాలేజీలో బి.ఎ. చదువుతూ సెలవుల్లో పానాలు అందించేవాళ్లం. రంగు వేయడానికి ఊడదీసిన మెరుపు పట్టీలు గోనె మీద వరసగా ఉన్నాయి. ప్రదర్శన దగ్గరపడింది, పట్టీలు తొందరగా కొట్టేయమన్నాడు యజమాని. అబ్బా వినలేదు. "పైలే దర్వాజా దేఖో బేటా, పట్టీ బాద్ మే" అన్నాడు మాతో.

కారణం ఉంది. మామూలు కారుకు పైకప్పు ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ పట్టి ఉంచుతుంది. టాపు లేని బండికి ఆ ఆసరా లేదు. ఏళ్లు గడిచేకొద్దీ నడుము కుంగుతుంది, తలుపు సందు పైన ఇరుకై కింద వెడల్పవుతుంది. అప్పుడు పట్టీ కొడితే తలుపు మీది గీత ఒక దారి, బానెట్ మీది గీత ఒక దారి. అందుకని బండిని జాకీ మీద కాకుండా నాలుగు చక్రాల మీదే నిలబెట్టి, ముందు తలుపులు సరిచేశాడు. బానెట్ నుంచి వెనకదాకా దారం లాగి గుర్తులు పెట్టాడు. రంధ్రాల అంచుల తుప్పు గీకి ప్రైమర్ పూశాడు. సొట్టలను లోపలివైపు నుంచి, చెక్కదిమ్మ మీద చిన్న సుత్తితో తీశాడు. పాత గడియారాల స్ప్రింగు కాల్చి, మెత్తబరచి, వంచి, మళ్లీ కాల్చి నూనెలో ముంచి క్లిప్పులు చేశాడు. ఒక్కొక్క క్లిప్పు కింద రబ్బరు ముక్క. పట్టీ పైఅంచు తగిలించి కింది అంచు అరచేత్తో నొక్కితే టక్కుమని కూర్చుంది.

ఒక బొమ్మకు వెనక కాడ విరిగింది. అది జస్తం పోత. వెల్డింగ్ మంట పెడితే కారిపోతుంది. జస్తం గుణం బిద్రీ ఇంట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? విరిగినచోట సన్నగా రంధ్రం వేసి, మర తిప్పి, ఇత్తడి స్క్రూ ఎక్కించి, నట్టును వేళ్లతోనే బిగించాడు. బీదర్‌లో ఆగిపోయిన దాదా విద్య అక్కడ బతికే ఉంది.

ఆ బండికి బహుమతి వచ్చింది. బోర్డు మీద మోడల్ ఉంది, యజమాని పేరుంది, ఒకప్పటి నవాబు పేరుంది. మిస్త్రీ పేరు లేదు. యజమానిని ఒక్కడినే తప్పుపట్టి లాభమేమిటి? మేము పత్రికలో చేరాక పాత కార్ల మీద రాసిన మొదటి వార్తలో నవాబుల పేర్లన్నీ రాశాం. ఒక్క మిస్త్రీ పేరూ రాయలేదు. ఉర్దూలోనూ రాయలేదు, తెలుగులోనూ రాయలేదు. అబ్బా రెండూ చదివించుకుని విన్నాడు. ఏమీ అనలేదు.

స్వయం ఉపాధి మీద బతికేవారి వంతు ముస్లింలలో ఎక్కువని 2006లో సచార్ నివేదిక లెక్కలతో చెప్పింది. ఆ మాట వెనక ఎన్ని బీదర్లు, ఎన్ని మూతపడ్డ దేవిడీలు ఉన్నాయో లెక్కల్లో కనబడదు. దక్కన్ ముస్లింల చరిత్ర రాసేవాళ్లు, మాతో సహా, ఇన్నాళ్లూ పట్టీకే పాలిష్ పెట్టాం. కుంగిన తలుపు సంగతి చూడలేదు.

ఈమధ్య ఆ ఫ్లీట్‌మాస్టర్‌ను మళ్లీ చూశాం. రంగు వెలిసింది. పట్టీ మాత్రం గీత తప్పలేదు. అబ్బా చేసిన క్లిప్పులు ఆ తలుపు మీద, పట్టీ వెనక ఇంకా పట్టుకునే ఉన్నాయి.