మాల్దీవులు: స్థానిక ద్వీపాల్లో మితవ్యయ యాత్ర

హిందూ మహాసముద్రంలో సుమారు 1,190 పగడపు దీవులతో ఏర్పడిన మాల్దీవులు ప్రపంచంలోని అత్యంత ఖరీదైన పర్యాటక ప్రాంతాల్లో ఒకటిగా పేరొందింది. నీటిపై నిర్మించిన కుటీరాలు, జలవిమాన ప్రయాణం, ద్వీపమంతా ఒకే రిసార్ట్‌గా ఉండే ఏకాంతం ఈ ఖ్యాతికి మూలం. అక్కడ ఒక్క రాత్రి బసకే వందల డాలర్లు వెచ్చించవలసి ఉంటుంది. అయితే అదే సముద్రాన్ని, అవే పగడపు దిబ్బలను స్థానిక ప్రజలు నివసించే ద్వీపాల్లో బస చేసి చూసేవారికి ఖర్చు అందులో కొద్ది భాగమే అవుతుంది. సామాన్య యాత్రికులకు ఈ మార్గం తెరుచుకుని దాదాపు దశాబ్దంన్నర మాత్రమే అయింది.

నేపథ్యం

మాల్దీవుల్లో పర్యాటకం 1972లో కురుంబా రిసార్ట్‌తో మొదలైంది. ఆ తరువాత 'ఒక ద్వీపం, ఒక రిసార్ట్' అన్న విధానం స్థిరపడింది. జనావాసం లేని ద్వీపాలను రిసార్టులకు లీజుకిచ్చి, విదేశీ పర్యాటకులను స్థానిక సమాజానికి దూరంగా ఉంచడం దాని సారాంశం. దేశ ఆదాయం పెరిగినా, సాధారణ ద్వీపవాసికి రిసార్ట్‌లో ఉద్యోగిగా తప్ప ఈ రంగంలో ప్రవేశం లేకపోయింది. 2009-10 ప్రాంతంలో, మొహమ్మద్ నషీద్ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో, జనావాస ద్వీపాల్లో అతిథి గృహాల నిర్వహణకు ప్రభుత్వం అనుమతించింది. రాజధాని మాలేకు దక్షిణంగా సుమారు 27 కిలోమీటర్ల దూరంలోని మాఫుషి ద్వీపం ఈ మార్పుకు తొలి ఉదాహరణగా నిలిచింది. థులుస్‌ధూ, ఉకుల్హాస్, ధిగురా, తొడ్డూ వంటి ద్వీపాలు అదే బాట పట్టాయి.

ప్రవేశ నిబంధనలు

భారతీయులు ముందుగా వీసా తీసుకోనవసరం లేదు. పర్యటన నిమిత్తం వచ్చే భారతీయులను ద్వైపాక్షిక ఒప్పందం ప్రకారం 90 రోజుల వరకు అనుమతిస్తారు. చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, తిరుగు ప్రయాణ టికెట్, బస ఖరారు పత్రం వెంట ఉండాలి. ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు 'ఇముగా' పోర్టల్‌లో ప్రయాణికుల వివరాల పత్రాన్ని ఉచితంగా నింపవచ్చు; దీనికి డబ్బు అడిగే ఇతర వెబ్‌సైట్లను ఆశ్రయించనవసరం లేదు.

ద్వీపాల మధ్య ప్రయాణం

వెలానా అంతర్జాతీయ విమానాశ్రయం మాలే పక్కనే ఉన్న హుల్హులే ద్వీపంలో ఉంది. 2018లో ప్రారంభమైన సినమాలే వంతెన మాలేను హుల్హులేతో కలిపింది. అటు హుల్హుమాలేకు కూడా రోడ్డు మార్గం ఉన్నందున మూడింటి మధ్య బస్సులో తిరగవచ్చు.

ఖర్చు ప్రధానంగా నిర్ణయమయ్యేది ఇక్కడి నుంచే. దూరపు రిసార్టులకు వెళ్లే జలవిమానానికి రాకపోకలకు ఒక్కొక్కరికి సాధారణంగా 400 డాలర్లకు పైగా అవుతుంది. పైగా అవి పగటిపూటే నడుస్తాయి గనుక సాయంత్రం చేరినవారు మరో రాత్రి బస ఖర్చు భరించాలి. దీనికి భిన్నంగా మాఫుషి వంటి సమీప ద్వీపాలకు ప్రభుత్వ ఫెర్రీలో అతి తక్కువ రుసుముతో సుమారు గంటన్నరలో చేరవచ్చు. స్పీడ్‌బోటులో అదే దూరానికి అరగంట నుంచి నలభై నిమిషాలు పడుతుంది; ధర ఫెర్రీ కంటే అనేక రెట్లు ఉన్నా జలవిమానంతో పోలిస్తే స్వల్పమే. సాధారణ ఫెర్రీలు శుక్రవారం నడవవు. వాతావరణం బాగాలేనప్పుడు రద్దయ్యే అవకాశమూ ఉంది. అందువల్ల తిరుగు విమానానికి ముందు రోజు రాత్రి మాలేలో గానీ హుల్హుమాలేలో గానీ గడపడం క్షేమకరం.

బస, పన్నులు

ప్రకటనల్లో కనిపించే గది అద్దం చివరి బిల్లు కాదు. దానికి సాధారణంగా 10 శాతం సేవా రుసుము, 2025 జులై నుంచి 17 శాతానికి పెరిగిన పర్యాటక వస్తు సేవల పన్ను, ఆపై హరిత పన్ను కలుస్తాయి. 2025 జనవరి నుంచి హరిత పన్ను జనావాస ద్వీపాల్లో 50 గదులకు మించని అతిథి గృహాల్లో తలకు రాత్రికి 6 డాలర్లు, రిసార్టుల్లో 12 డాలర్లుగా ఉంది.

ఉదాహరణకు ఇద్దరికి రాత్రికి 50 డాలర్ల అద్దె అనుకుంటే, సేవా రుసుముతో అది 55 డాలర్లవుతుంది. దానిపై పన్ను 9.35 డాలర్లు, హరిత పన్ను 12 డాలర్లు చేరి మొత్తం 76.35 డాలర్లకు చేరుతుంది. అంటే అసలు అద్దెపై సగానికి పైగా అదనం. బుకింగ్ సమయంలోనే 'అన్ని పన్నులతో కలిపి ఎంత' అన్నది రాతపూర్వకంగా నిర్ధారించుకోవడం అవసరం. దేశం విడిచి వెళ్లేటప్పుడు వర్తించే నిష్క్రమణ పన్ను, విమానాశ్రయ అభివృద్ధి రుసుము సాధారణంగా విమాన టికెట్ ధరలోనే కలిసి ఉంటాయి.

స్థానిక కరెన్సీ రుఫియా. డాలరుకు సుమారు 15.42 రుఫియాలు అధికారిక మారకపు విలువ. గది అద్దె, విహారయాత్రలు డాలర్లలో, టీ దుకాణాలు, కిరాణా కొట్లలో కొనుగోళ్లు రుఫియాల్లో చెల్లించడం పరిపాటి.

ఆహారం

ద్వీపవాసులు తినే చోటే తినడం ఖర్చు తగ్గించే మరో మార్గం. తురిమిన కొబ్బరి, ట్యూనా చేప, ఉల్లి, మిరప కలిపిన 'మస్ హుని'ని చపాతీని పోలిన 'రోషి'తో ఉదయం తింటారు. 'గరుధియా' అనే చేపల చారును అన్నం, నిమ్మకాయ, మిరపకాయలతో వడ్డిస్తారు. ఈ రెండూ తెలుగువారి నాలుకకు కొత్తగా అనిపించవు. బియ్యం, కూరగాయలు అధిక శాతం దిగుమతి అయ్యేవే గనుక శాకాహారులకు ఎంపిక పరిమితం; ముందుగా అతిథి గృహానికి తెలియజేయడం మంచిది. పుచ్చకాయ, బొప్పాయి సాగుకు పేరుపొందిన తొడ్డూ ద్వీపం ఇందుకు కొంత మినహాయింపు.

చూడదగినవి

అనేక ద్వీపాల్లో తీరానికి ఈత దూరంలోనే పగడపు దిబ్బ ఉంటుంది. కళ్లజోడు, శ్వాసగొట్టం ఉంటే దాన్ని చూడటానికి రుసుము లేదు. అయితే ప్రవాహాల గురించి స్థానికులను అడగకుండా దిగరాదు. దక్షిణ అరి అటోల్‌లోని ధిగురా పరిసరాల్లో ఏడాది పొడవునా తిమింగల సొరచేపలు కనిపిస్తాయి. 2011లో యునెస్కో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తించిన బా అటోల్‌లోని హనిఫారు అఖాతానికి జూన్ నుంచి నవంబరు వరకు మాంటా చేపలు గుంపులుగా వస్తాయి. దాని సమీపంలోని ధరవందూ ద్వీపంలో అతిథి గృహాలున్నాయి. రిసార్టును చూడాలన్న కోరిక ఉన్నవారు పగటిపూట సందర్శన పాసు తీసుకుని సాయంత్రానికి తిరిగి రావచ్చు.

పాటించవలసిన నియమాలు

మాల్దీవులు ఇస్లామిక దేశం. జనావాస ద్వీపాల్లో మద్యం నిషిద్ధం; రిసార్టుల్లోనూ, లైసెన్సు పొందిన విహార నౌకల్లోనూ మాత్రమే లభిస్తుంది. ఈత దుస్తులకు 'బికినీ బీచ్' పేరిట ప్రత్యేక తీరం కేటాయిస్తారు. ఊరిలో భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు ధరించాలి. రంజాన్ మాసంలో పగటివేళ ఫలహారశాలలు చాలావరకు మూసి ఉంటాయి. మద్యం, పంది మాంసం, ఈ-సిగరెట్లతో పాటు పూజా విగ్రహాలను కూడా దేశంలోకి తీసుకురావడం నిషిద్ధం. విగ్రహాన్ని వెంట ఉంచుకునే అలవాటున్న భక్తులు ఈ సంగతి ప్రత్యేకంగా గమనించాలి. తిరిగి వచ్చేటప్పుడు పగడాలు, తాబేటి చిప్పలు తీసుకువెళ్లడం నేరం.

అనుకూల కాలం

డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు వాతావరణం పొడిగా, సముద్రం ప్రశాంతంగా ఉంటుంది; ధరలూ అప్పుడే ఎక్కువ. మే నుంచి అక్టోబరు వరకు నైరుతి రుతుపవనాల కాలంలో అద్దెలు తగ్గుతాయి. వానలు పడినా రోజంతా కురవడం అరుదు. ఫెర్రీల అనిశ్చితికి సిద్ధపడి ఒక రోజు అదనంగా ఉంచుకోగలిగినవారికి ఈ కాలమే లాభదాయకం.

చౌక యాత్ర, ద్వీపాల భారం

అతిథి గృహానికి చెల్లించే సొమ్ము ఊరి దుకాణానికి, పడవ నడిపేవారికి, వంటవారికి నేరుగా అందుతుంది. అదే సమయంలో ఒక చదరపు కిలోమీటరు కూడా లేని ద్వీపానికి వందలాది అతిథులు రావడం మంచినీటిపై, చెత్త నిర్వహణపై ఒత్తిడి పెంచుతోంది. దేశ భూభాగంలో సుమారు 80 శాతం సముద్రమట్టానికి మీటరు కంటే తక్కువ ఎత్తులో ఉంది. తాగునీటిలో అధిక భాగం సముద్రజలాన్ని శుద్ధి చేయడం ద్వారానే లభిస్తోంది. మాలే ప్రాంతపు చెత్తను 1990ల నుంచి తిలఫుషి అనే కృత్రిమ ద్వీపంలో పోస్తూ వచ్చారు. నీటిని పొదుపుగా వాడడం, సీసా వెంట తెచ్చుకోవడం, పగడాలపై కాలు మోపకపోవడం యాత్రికునికి ఖర్చు లేని పనులు. ఆ పగడపు దిబ్బలే అలల తాకిడి నుంచి ఈ ఊళ్లను కాపాడుతున్న గోడలు.