జైలు గేటు బయటి చరిత్ర

ముస్లింల చరిత్ర అనగానే అందరికీ కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు గుర్తొస్తారు. చార్మినారు గుర్తొస్తుంది, ఆ తర్వాత బిర్యానీ. మా తాతముత్తాతలు కోటల్లో పుట్టినవాళ్ళు కారు. రిక్షాలు తొక్కినవాళ్ళు, గాజులు చేసినవాళ్ళు, దూది ఏకినవాళ్ళు. వాళ్ళ చరిత్రే ఎవరూ సరిగా రాయలేదు. అందులోనూ బొత్తిగా రాయని అధ్యాయం ఒకటుంది. జైల్లో పడ్డ కొడుకు కోసం వకీలును వెతుక్కుంటూ తిరిగిన అబ్బాల, అమ్మీల అధ్యాయం.

కోర్టు మెట్లెక్కితే చెవిన పడే మాటలు సగం మా ఇంటి మాటలే. వకీలు, వకాలతు, వాయిదా, జామీను, ఫిర్యాదు, దస్తావేజు, హాజరు, ఖైదీ, ములాఖత్. అరబ్బీ, ఫార్సీల నుంచి ఉర్దూ మీదుగా తెలుగు కచేరీల్లోకి వచ్చి స్థిరపడ్డ మాటలివి. మాటలు మావే గాని కాగితం మాది కాదు. ఎఫ్.ఐ.ఆర్. తెలుగులో ఉంటుంది. బెయిలు పిటిషన్ ఇంగ్లీషులో ఉంటుంది. అమ్మీకి వచ్చిన చదువు ఉర్దూ ఒక్కటే. కొడుకు మీద ఏ సెక్షన్లు పెట్టారో తెలుసుకోవడానికే ఆమె నలుగురిని బతిమాలుకోవాలి.

గుల్బర్గా సంగతి చెప్పుకుందాం. 1956 దాకా అది హైదరాబాదు రాజ్యంలో జిల్లా. మా చుట్టరికాలు ఇప్పటికీ అక్కడిదాకా ఉన్నాయి. 1994 జనవరి 15న నిసారుద్దీన్ అహ్మద్ అనే ఫార్మసీ విద్యార్థిని హైదరాబాదు నుంచి వెళ్ళిన పోలీసులు అక్కడ పట్టుకున్నారు. అప్పటికి ఇరవయ్యేళ్ళు నిండలేదు. పదిహేను రోజుల్లో పరీక్ష. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. రికార్డుల ప్రకారం అతన్ని కోర్టులో హాజరుపరిచింది ఫిబ్రవరి 28న. కొడుకు ఎక్కడున్నాడో ఆ ఇంటికి తెలిసిందీ అప్పుడే. ఏప్రిల్లో ఇంజనీరుగా పనిచేస్తున్న అన్ననూ బొంబాయిలో పట్టుకున్నారు.

1993 డిసెంబరులో రైళ్ళలో జరిగిన పేలుళ్ళ కేసది. చట్టం టాడా. పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలును కూడా సాక్ష్యంగా తీసుకునే చట్టం. 1995 మేలో టాడా గడువు తీరిపోయింది. దానికింద పెట్టిన కేసులు మాత్రం తీరలేదు. విచారణ అజ్మీరులోని టాడా కోర్టులో. అజ్మీరంటే మావాళ్ళకు ఖ్వాజాసాబ్ దర్గా. మొక్కు తీర్చుకోవడానికి, చాదర్ కప్పడానికి వెళ్ళే ఊరు. ఆ తండ్రికి మాత్రం అది కోర్టు ఊరయింది. తన పనులన్నీ వదిలి కొడుకుల కేసు పట్టుకు తిరిగాడు. ఆ కోర్టు యావజ్జీవం వేసింది. 2006లో ఆయన చనిపోయాడు. 2016 మే 11న సుప్రీంకోర్టు నిసారుద్దీన్‌ను నిర్దోషిగా తేల్చింది. తీర్పు వినాల్సిన మనిషి అప్పటికి పదేళ్ళ కిందటే మట్టిలో కలిసిపోయాడు.

ఇది ఒక్క ఇంటి కథే అయితే వ్యాసం రాసే పని లేదు. ఢిల్లీలో 1998లో పట్టుబడ్డ మొహమ్మద్ ఆమిర్ ఖాన్ 2012 జనవరిలో బయటికొచ్చాడు. పద్నాలుగేళ్ళు. ఈలోగా తండ్రి పోయాడు, తల్లి పక్షవాతంతో మాట పోగొట్టుకుంది. శిక్షాస్మృతిలో అమ్మీఅబ్బాలకు ఏ సెక్షన్ కిందా శిక్ష లేదు. అయినా ముందుగా శిక్ష పూర్తిచేసింది వాళ్ళే.

చట్టం లేదా అని అడిగే లౌకిక మిత్రులున్నారు. ఉంది. అదీ ఎవరి పేరుమీద ఉందో చూడండి. పేదలకు ఉచిత న్యాయసహాయం ఇవ్వాలనే 39-ఏ అధికరణం 1976లో రాజ్యాంగంలో చేరింది. దానికి ప్రాణం పోసిన 1979 సుప్రీంకోర్టు తీర్పు పేరు హుస్సేనారా ఖాతూన్ కేసు. బీహారు జైళ్ళలో విచారణ లేకుండా మగ్గిన ఖైదీల్లో ఒక ముస్లిం ఆడమనిషి ఆమె. 1981లో భాగల్పూర్ ఖైదీల కళ్ళు పోగొట్టిన కేసులో, మొదటిసారి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడే ఖైదీకి ప్రభుత్వ ఖర్చుతో వకీలునివ్వాలని అదే కోర్టు చెప్పింది. అరెస్టు కబురు బంధువులకు చెప్పాలని 1996లో డి.కె. బసు కేసులో చెప్పింది.

తల్లిదండ్రులు తలుపు కొట్టకుండా ఈ దేశంలో ఏ తీర్పూ ఊరికే రాలేదు. ఎమర్జెన్సీలో పోలీసులు పట్టుకుపోయిన ఇంజనీరింగ్ విద్యార్థి రాజన్ కోసం తండ్రి ఈచర వారియర్ 1977లో కేరళ హైకోర్టుకెక్కితే ముఖ్యమంత్రి కరుణాకరన్ గద్దె దిగాల్సివచ్చింది. ఒరిస్సాలో 22 ఏళ్ళ కొడుకు పోలీసు కస్టడీలో చనిపోతే నీలావతి బెహరా 1988లో సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుని 1993లో లక్షన్నర రూపాయలు ఇప్పించారు. వాళ్ళు ముస్లింలు కారు. మా దుఃఖం వాళ్ళకు తెలుసు, వాళ్ళ దుఃఖం మాకు తెలుసు. తేడా ఒక్కటే. మా అబ్బా జైలు గేటు దగ్గర నిలబడితే 'ఎవరి తండ్రి' అని అడగరు, 'ఏ సంస్థ' అని అడుగుతారు.

ఇక వకీలు దొరకడం. టెర్రరిస్టు కేసులు వాదించబోమని చాలాచోట్ల బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేశాయి. అలాంటి తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్మానం చెల్లకపోయినా భయం చెల్లుతుంది. ఒప్పుకున్న వకీలు కావాలన్నా, జైలు అధికారి ఎదుట కొడుకు వకాలత్‌నామా మీద సంతకం పెట్టాలి. ఆ సంతకానికో రోజు, ములాఖత్ చీటీకో రోజు. బెయిలు వస్తే జామీనుదారులు కావాలి. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీకి వేరే జిల్లా జామీను పనికిరాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని ఎండగట్టారు. అయినా కిరాయింట్లో ఉండే అబ్బాను ఇంటి పన్ను రశీదు తెమ్మంటూనే ఉన్నారు.

జాలీ అవతల కొడుకు కనిపిస్తాడు. అసలు గాయం అక్కడ తెలుస్తుంది. వాడు మాట్లాడడు. బూటు చప్పుడైతే ఉలిక్కిపడతాడు. అమ్మీ తెచ్చిన సేమియా ఖీర్ లోపలికి పోనివ్వరు. 'నిద్రపోతున్నావా బేటా' అంటే తల తిప్పుకుంటాడు. ఈ గాయానికి పంచనామా లేదు. ఒంటిమీద దెబ్బ అయితే డాక్టరు కొలిచి రాస్తాడు. మనసు మీది దెబ్బను ఏ స్కేలుతో కొలవాలి? మానసిక అనారోగ్యం ఉన్న ఖైదీలకు వైద్యం అందాలని 2017 చట్టం 103వ సెక్షన్ చెబుతుంది. అది అడగాలని అబ్బాకు ఎవరు చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి?

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో తొమ్మిదిమంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో అయిదుగురు పోయారు. చచ్చిందీ మావాళ్ళే, నేరస్థులనీ మావాళ్ళనే పట్టుకున్నారు. మైనారిటీ కమిషన్ పంపిన న్యాయవాది రవిచందర్ చెర్లపల్లి జైలుకెళ్ళి కుర్రాళ్ళ ఒంటిమీద చిత్రహింసల గుర్తులున్నాయని నివేదిక ఇచ్చారు. కేసులు నిలవలేదు. 2011లో రాష్ట్రప్రభుత్వం పరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. తర్వాత ఆ కేసులో విచారణ ఎదుర్కొన్న అసీమానంద్ తదితరులు 2018 ఏప్రిల్ 16న నిర్దోషులుగా బయటికొచ్చారు. మరి బాంబు పెట్టిందెవరు? ఆ తొమ్మిది ఇళ్ళకు ఈ దేశం ఇంకా జవాబు బాకీ.

మేం రెండు భాషల పత్రికలు చదివేవాళ్ళం. అరెస్టయిననాడు తెలుగు పత్రికలో ఫోటో మొదటి పేజీలో ఉంటుంది. విడుదలయిననాడు వార్త ఉర్దూ పత్రికలో ఉంటుంది. అమ్మాయినివ్వాల్సినవాళ్ళు, ఉద్యోగమివ్వాల్సినవాళ్ళు చదివింది మొదటిదే.

దయ అడగడం లేదు. ఉచిత న్యాయసహాయం దరఖాస్తు ఉర్దూలో ఉండాలి. రిమాండు రిపోర్టు నకలు కన్నవాళ్ళకు అర్థమయ్యే భాషలో చేతికివ్వాలి. జైలుకు వకీలుతోపాటు మనసుకు వైద్యం చేసే డాక్టరు కూడా వెళ్ళాలి. నిర్దోషి అని తేలాక పరిహారం సర్కారు దయగా కాక చట్టంగా రావాలి. అన్నిటికంటే ముందు మా రాతగాళ్ళు చేయాల్సిన పని ఒకటుంది. ఆ అబ్బాల చేతిసంచుల్లో రిమాండు కాగితాలు, బెయిలు ఉత్తర్వులు, ములాఖత్ చీటీలు మడతలు చిరిగిపోతున్నాయి. ఏ లైబ్రరీలోనూ లేని ఆ కాగితాలను ఇల్లిల్లూ తిరిగి పోగుచేయాలి. శాసనాలు చదివినంత శ్రద్ధగా చదవాలి.